ఆటయందలి ఆరాటమునకు కొలబద్ద

తెనాలినుండి రేపల్లెకు పోవు పాసింజరు బండిలో ఫోనుపై ఆడు యువకులను చూచుచునేయున్నాము. ఎవడు ఆట నాడుచున్నాడో, ఎవనిని ఆటయే ఆడించుచున్నదో పైకి తెలియదు. బాపట్లలో ఏ తల్లియో కొమరుని ఆటను గంటలతో లెక్కించుచుండును. గంటలు ఆరాటమును చెప్పవు.

ఈ చిక్కు క్రొత్తది కాదు. ఋగ్వేదము పదవ మండలమందలి జూదరి ఇక ఆడనని నిశ్చయించుకొనును. పాచికల చప్పుడు చెవిని పడగానే ఆ నిశ్చయము కరగిపోవును. సభాపర్వమున ధర్మరాజు, పోయిన రాజ్యము మరల చేతికి వచ్చిన పిమ్మటను, రెండవ జూదమునకు మరలి వచ్చెను. పెదతండ్రి పిలుపను సాకు ఉండనే ఉన్నది!

పాచికల చప్పుడు చేసిన పనినే 2009లో తైవాను పరిశోధకులు యంత్రముతో పరీక్షించిరి. ఆన్‌లైను ఆటకు బానిసలైన పదిమందికి ఆ ఆట చిత్రములను చూపి, వారి మెదడును ఆ వ్యసనము లేని పదిమంది మెదడుతో పోల్చిరి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన గేమింగు రుగ్మత లక్షణములు మూడు: అదుపు తప్పుట, అన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలిగినను మానకుండుట. మూడవది ధర్మరాజునకు చక్కగ సరిపోవును. ఆరాటము మాత్రము వానిలో లేదు. అది అడిగిననే తెలియును.

అడుగు తీరు మద్యపాన చికిత్సలో కలదు. 1999లో వెలువడిన పెన్ కొలబద్దలో ప్రశ్నలు ఐదు. గడచిన వారమున త్రాగవలెనను తలపు ఎన్నిమార్లు వచ్చెను? ఎంత బలముగ? ఎంతసేపు? అడ్డుకొనుట ఎంత కష్టమాయెను? మొత్తముమీద ఎట్లుండెను? ఒక్కొక్కదానికి సున్న మొదలు 6 వరకు మార్కులు. బాపట్ల తల్లి అడుగవలసినవి ఇట్టివే. కొమరుడు నిజము చెప్పునా అనునది వేరు సంగతి.