వానాకాలం చీల్చిన ఇత్తడి

19వ శతాబ్దంలో బ్రిటిష్ ఇండియా సైన్యానికి ఒక చిక్కు వచ్చిపడింది. ఎవరూ పేల్చకుండానే, నిల్వ ఉంచిన తూటాల ఇత్తడి తొడుగులు వాటంతటవే చీలిపోయేవి. అదీ వానాకాలంలో, గుండును బిగించి నొక్కిన మెడ దగ్గర. ఆ జబ్బుకు ‘సీజన్ క్రాకింగ్’ అని పేరు పెట్టారు.

కానీ జబ్బు బీజం తూటా తయారైన రోజే పడింది. ఆ ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. బిళ్లను వేడి చేయకుండానే అచ్చులో నొక్కి, విడతలుగా సాగదీసి గొట్టం చేస్తారు. పైకి ఒకే ముద్దలా కనిపించే లోహం నిజానికి అసంఖ్యాకమైన స్ఫటిక రేణువుల కూర్పు. షెఫీల్డ్‌కు చెందిన హెన్రీ క్లిఫ్టన్ సార్బీ 1860లలోనే నునుపు చేసిన ఉక్కుకు ఆమ్లం తగిలించి, ఆ అల్లికను మైక్రోస్కోపులో చూశాడు. ఒక్కో రేణువులో పరమాణువుల వరుసలు ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటాయి. సాగదీస్తే కొన్ని ఇట్టే లొంగుతాయి, కొన్ని మొరాయిస్తాయి. అయినా పొరుగు రేణువులు విడిపోవడానికి వీల్లేదు. సరిహద్దు దగ్గర ఒకదాన్నొకటి లాగుతూ, నెడుతూ బిగుసుకుపోతాయి. అచ్చు నుంచి బయటికి తీశాక కూడా ఆ పెనుగులాట పూర్తిగా చల్లారదు. గొట్టం పైపొర, లోపొర ఒకేలా సాగకపోవడం వల్ల పుట్టే ఒత్తిడి దీనికి తోడవుతుంది.

జర్మన్ లోహశాస్త్రవేత్త ఎమిల్ హైన్ 1914లో బ్రిటన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటల్స్‌లో ఈ దాగిన ఒత్తిళ్ల మీదే ఉపన్యసించాడు.

తూటాల చిక్కుముడి మాత్రం 1921లో వీడింది. మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు అమ్మోనియాను పట్టుకున్నారు. తూటాలను గుర్రపుశాలల్లో దాచేవారు. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా వానాకాలపు తేమతో కలిసి ఇత్తడిలోని రాగిని తినేస్తుంది. రేణువుల నడుమ పరమాణువుల అమరిక చెదిరి ఉంటుంది కనుక ఆ దారినే సులువుగా చొరబడుతుంది. లోపల కాచుకున్న ఒత్తిడి ఆ సన్నని గాటును లాగి చీల్చేస్తుంది. ఒత్తిడి గానీ అమ్మోనియా గానీ ఒంటరిగా ఇంత పని చేయలేదు. ఈ రెంటినీ జతగా చూడడమే ఆ పరిశోధన గొప్పతనం.

నివారణ ఆశ్చర్యమనిపించేంత తేలిక. తయారైన తొడుగును సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే చాలు. కొత్త రేణువులు పుట్టేంత వేడి కాదది. గట్టిదనం పెద్దగా తగ్గకుండానే బిగువు సడలుతుంది. సడలిందో లేదో చూడడానికి నమూనాను మెర్క్యురస్ నైట్రేట్ ద్రావణంలో ముంచుతారు. ఒత్తిడి మిగిలి ఉంటే, నెలల తరబడి ఆగి రావలసిన చీలిక నిమిషాల్లోనే కనిపిస్తుంది.