చెట్టు ముందో, రైలు ముందో

ఒకచోట కొబ్బరితోటల నడుమను, మఱియొకచోట తాటివరుసల ప్రక్కను సాగుచు, బెజవాడనుండి కటకమువైపు పోవు ఇనుపదారి 1893 మొదలుకొని అంచెలంచెలుగా తెఱవబడినపుడు, దానిని నిర్మించిన ఇంజనీర్ల దృష్టి యెల్ల నదులమీదనే నిలిచియుండెను. రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై వంతెన పూర్తియై 1900లో బండ్లు నడచువఱకు వారికి నిద్రలేదు. కాని అంతటి నదిని దాటివచ్చిన బండిని, గట్టుప్రక్కనున్న పుచ్చిన మామిడిచెట్టొకటి ఒక్క రాత్రిలో నిలిపివేయగలదని తీరవాసులకు తెలియును. ఏలయన వేసవి ముదురునప్పుడొకమాఱును, ఆశ్వయుజ కార్తికములందొకమాఱును బంగాళాఖాతమున తుపాను లేచుట వారికి తరతరాల అనుభవము.

1864 నవంబరు 1వ తేదీన మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేల మంది నశించిరి. అంతకుముందు నెలదినములలోపుననే, అక్టోబరు 5న, కలకత్తాను మఱియొక తుపాను ధ్వంసము చేసియుండెను. ఈ ఉపద్రవముల పిదపనే తుపాను హెచ్చరికల ఏర్పాటు ఆరంభమై, 1875లో భారత వాతావరణశాఖ నెలకొనెను. ఆ హెచ్చరిక స్టేషనుకు తంతివార్తగా రావలసియుండెను. తంతి పట్టాలవెంబడి స్తంభములమీద పోయెడిది. ఆ స్తంభములను ఒరసికొని చెట్లుండెడివి. గాలి ముదిరి కొమ్మయొకటి విఱిగి తీగపై బడెనా, బండి నాపుమని చెప్పవలసిన నోరే మూతపడెడిది. అందుచేత చెట్టునుగూర్చిన పని యంతయు గాలి రాకముందే, ఆకు కదలని దినములలోనే ముగియవలసియుండెను.

అయితే ఆ చెట్టు ఎవరిది? రైలువారి హద్దురాళ్ళకు ఆవల, రైతు పొలముగట్టున నిలిచిన చెట్టును నరకుటకు ఇంజనీరునకేమి అధికారము? ఈ ప్రశ్న మొదట ఇంగ్లండులో పుట్టినది. అచ్చటి 1868 నాటి చట్టము, పట్టాలపై పడునట్లున్న చెట్టును ఇద్దఱు మెజిస్ట్రేట్ల ఉత్తర్వుతో తొలగింపవచ్చునని చెప్పినది. మన దేశమున 1890 నాటి రైల్వేచట్టములోని 15వ సెక్షను ఆ మార్గమునే అనుసరించి, చెట్టు పడి బండ్లకు అడ్డమగు ప్రమాదమున్నను, సిగ్నలును కనబడనీయకున్నను, మెజిస్ట్రేటు అనుమతితో దానిని కొట్టవచ్చుననియు, అత్యవసరమైనచో అనుమతికై వేచియుండ నక్కఱలేదనియు విధించెను. అంతటితో ఊరకుండక, ఒక సున్నితమైన భేదమును గూడ పాటించెను: రైలుదారి వేయకమునుపే ఆ చెట్టు అచ్చట నున్నచో, లేక సిగ్నలు నిలుపకమునుపే అది పెరిగియున్నచో, దాని యజమానికి మెజిస్ట్రేటు తగిన పరిహారము నిర్ణయింపవచ్చును, పిదప నాటిన చెట్టున కది లేదు. పరిహారమునకై సివిలు కోర్టుకెక్కుటకును వీలులేకుండెను.

చెట్టు ముందా, రైలు ముందా యను ఈ విచారణలో నాకు గొప్ప న్యాయము కనబడుచున్నది. తాత నాటిన చెట్టు ప్రక్కకు రైలే నడచివచ్చినది. కనుక ఆ చెట్టు వలని ప్రమాదము చెట్టు చేసిన తప్పు గాదు. పరదేశి ప్రభుత్వపు చట్టములలో రైతుపక్షము మాటలాడిన వాక్యములు కొన్నియే గలవు. వానిలో దీని నొకదానిగా నేను లెక్కింతును.

కాని చట్టము చెట్టును చూడజాలదు. చూచునది గ్యాంగుమేస్త్రీ కన్ను. తనకు అప్పగించిన దూరమును, పట్టాలను కనిపెట్టు కీమాను దినదినము నడచి చూచును. వానలకు ముందు కాలువలు పూడిక తీయుట, పట్టాలపైకి వంగిన కొమ్మలు కొట్టుట గ్యాంగువారి వార్షికపు పనులలోనివి. చెట్టు పట్టాలవైపు ఒరిగి, ఒరగని వైపున మొదలుదగ్గఱ నేల నెఱ్ఱెలు తీసినచో వేళ్ళు పట్టు విడచుచున్నవని అర్థము. మ్రానిపై గొడ్డలి వెనుకభాగముతో తట్టినపుడు బోలుగా మ్రోగినను, మొదలుదగ్గఱ పుట్టగొడుగులు లేచినను, చిటారుకొమ్మలు ఎండినను, లోపల పుచ్చు ముదిరినదని గ్రహింపవలయును. ఇక చెట్టు ఎత్తు పట్టాలకున్న దూరముకంటె ఎక్కువయైనచో, అది నిటారుగా నున్నదని నిర్భయముగా నుండరాదు. కట్ట వేయుటకు మన్ను త్రవ్విన గోతులలో వాననీరు నిలిచి నేల మెత్తబడినప్పుడు, ఆరోగ్యముగల వృక్షముకూడ వేళ్ళతో సహా లేచివచ్చును.

తుపానునందు మఱియొక మాయ గలదు. దాని నడిమి భాగము, తీరవాసులు కన్ను అనునది, మీదుగా పోవునపుడు గాలి ఒక్కసారిగా నిలిచిపోయి, అది దాటిన పిదప ఎదురుదిక్కునుండి అంతకంత విసరును. మొదటి గాలికి పొలమువైపు వంగి ఊగి వేళ్ళు సడలిన చెట్టు, రెండవ గాలికి పట్టాలమీదనే కూలును. ఈ కారణముచేత, పట్టాలవైపు కొమ్మలను మాత్రమే నఱకి చేతులు దులుపుకొనుట అరకొర పని; అట్టి చెట్టునకు తూకము తప్పును. నాలుగువైపుల కొమ్మలను పలుచన చేసినచో గాలి వానినడుమనుండి దూరిపోవును.

ఇదే రైలు ఒకనాడు చెట్లను ప్రేమించినది. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మద్రాసు రాజధానిలో అనేక ఇంజన్లు కట్టెలతోనే నడచినవి. ఆ కట్టెల అవసరము సముద్రతీరపు సరుగుడుతోటల పెంపకమునకు ఒక ముఖ్యకారణమయ్యెను. కట్టమీది తుమ్మలును, గడ్డియు తమ వేళ్ళతో మన్నును పట్టియుంచి వరదకు కోసుకొనిపోకుండ కాపాడినవి. కనుక భయముచే కనబడిన చెట్టునెల్ల నఱకుట తెలివిగాదు.

తంతిస్తంభముల కాలము పోయి, పట్టాలపైన 25,000 వోల్టుల తీగ వచ్చిన పిదప ప్రమాదము స్వరూపము మార్చుకొన్నది. వెనుక చెట్టు పట్టాలపై పడినగాని బండి ఆగెడిది కాదు; ఇప్పుడు ఒక కొమ్మ తీగను తాకినను చాలును. 1996 నవంబరు 6న వచ్చిన తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లు లక్షలుగా కూలినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు నగరపు పచ్చదనమెల్ల నేలకొఱగినది, రైళ్ళు నిలిచిపోయినవి.

1989 నాటి కొత్త రైల్వేచట్టము చెట్టుతోపాటు స్తంభమును, కట్టడమును, టెలిఫోను తీగకు కలుగు ఆటంకమునుగూడ చేర్చి, రైల్వేవారు తామే తగిన చర్య తీసికొని కేంద్రప్రభుత్వమునకు నివేదింపవలెనని చెప్పినది. నష్టమునకు సొమ్ము చెల్లింపవలెననియు, వివాదము కలిగినచో జిల్లాజడ్జి తీర్పరి యనియు విధించినది. చెట్టు ముందా, రైలు ముందా యను విచారణ మాత్రము అందు లేదు.

రైలుకట్ట ప్రక్కను పొలముగల పాఠకులకు నాదొక మనవి. భాద్రపదము వెళ్ళకమునుపే మీ గట్టుమీది పెద్దచెట్టును ఒకసారి చుట్టివచ్చి చూడుడు. మొదలుదగ్గఱ నేల చీలియున్నచో, మ్రాను బోలుగా మ్రోగినచో, ఆ దారిన పోవు కీమానుతో ఒక్కమాట చెప్పుడు.