అర్జీ రాసేవాళ్ళ చరిత్ర

మన ఏజెన్సీ ఊళ్ళలో చదువుకున్న కుర్రాడు కనిపిస్తే చాలు, పెద్దవాళ్ళు ఒక తెల్లకాగితం తెచ్చి పక్కన కూర్చుంటారు. పోడు పట్టా, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ పత్రం, ఆగిపోయిన పెన్షన్... ఏదో ఒకటి. పైసా తీసుకోకుండా రాసిపెట్టే యువకులు, టీచర్లు మనలో చాలామంది ఉన్నారు. అది చిన్న పని అని మేము అనం. ఆ కాగితం లేక భూమి పోగొట్టుకున్న కుటుంబాలు మనకు తెలుసు. అయితే ఆ సేవ అర్జీ దగ్గరే ఆగిపోతే ఏమవుతుందో, దాటి ముందుకు వెళ్తే ఏమవుతుందో మన చరిత్రలోనే ఉంది.

జోడేఘాట్ నుంచే చూద్దాం. కొమురం భీం మొదటి రోజే తుపాకీ పట్టలేదు. గోండు పెద్దలు చెప్పుకునే కథలో ఆయన ముందు విన్నపం పట్టుకుని హైదరాబాద్ వెళ్తాడు. నిజాం దర్శనం దొరకక తిరిగొస్తాడు. 1940లో జోడేఘాట్‌లో పోలీసు కాల్పుల్లో నేలకొరిగాడు. ఆ తర్వాతే సర్కారు హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ అడవులకు పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది, గోండిలో వాచకాలు వచ్చాయి. విన్నపం వినలేదు కాబట్టి తిరుగుబాటు వచ్చింది, తిరుగుబాటు వచ్చాక బడి వచ్చింది. బడిని సర్కారు దయగా చెప్పేవాళ్ళు ఈ వరుసను మరిచిపోతుంటారు.

ఇక విశాఖ మన్యం. అక్కడ జరిగింది కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అర్జీలు రాసే ప్రతి ఒక్కరికీ అది పాఠం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. మనం 1/70 అని పిలుచుకునేది దాన్నే. ఏజెన్సీలో భూమి గిరిజనుడికో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఇంకెవరికీ చేతులు మారకూడదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. ఇంత గట్టి చట్టం ఉన్నా అనంతగిరి మండలంలో, బొర్రా గుహల చుట్టుపక్కల ఊళ్ళలో గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకు వెళ్ళాయి. తరాలుగా దున్నుకుంటున్నవాళ్ళకు పట్టాలు అందలేదు గానీ, కంపెనీలకు కాగితాలు చకచకా అందాయి.

అక్కడ గిరిజనుల భూమి సమస్యల మీద పనిచేస్తున్న సమత అనే స్వచ్ఛంద సంస్థకు ఒక చిక్కు ఎదురైంది. షావుకారు భూమి లాక్కుంటే అధికారికి అర్జీ పెట్టవచ్చు. భూమి ఇచ్చేస్తున్నది సర్కారే అయితే ఎవరికి పెట్టాలి? ఒక్కో కుటుంబం తరఫున ఒక్కో కాగితం రాస్తూ పోతే ఈ ప్రశ్నకు జవాబు రాదు. అందుకే ఊళ్ళ పోరాటంతో పాటు సంస్థ కోర్టుకూ వెళ్ళింది. 1995లో హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టులో వాదం ఒక్క మాట చుట్టూ తిరిగింది: చట్టంలో 'వ్యక్తి' అంటే సర్కారు కూడా వస్తుందా? 1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు వస్తుందన్నారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు సర్కారు ఇచ్చిన గనుల లీజులు చెల్లవన్నారు. గనులు తవ్వితే వచ్చే నికర లాభంలో కనీసం 20 శాతం గిరిజనుల అభివృద్ధికి పెట్టాలన్నారు.

తీర్పుతో కథ ముగియలేదు. 2015లో జెర్రెల బాక్సైట్ కోసం 97వ నంబరు జీవో వచ్చింది. మన్యం భగ్గుమంది. 2019లో ఆ జీవో రద్దయ్యింది. ఒక తీర్పు ఫైల్లో ఉంటే సరిపోదు, దాన్ని పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేవాళ్ళు కావాలి.

అదే 2019లో ఫిబ్రవరి 13న అటవీ హక్కుల దరఖాస్తులు తిరస్కరించబడినవాళ్ళను ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఆదేశించింది. దేశమంతా ఆదివాసీలు కదిలారు, కేంద్రం కోర్టుకు వెళ్ళింది, ఫిబ్రవరి 28న ఆదేశం ఆగింది. ఎందుకు తిరస్కరించారో చాలామందికి చెప్పనే లేదన్న సంగతి అప్పుడు బయటికొచ్చింది. చెబితే కదా 60 రోజుల్లో అప్పీలు చేసుకునేది! ఇలాంటప్పుడు ఊళ్ళో దరఖాస్తు నకలు, రసీదు దాచిపెట్టిన మనిషి ఒకరుంటే ఎంత బలమో ఆలోచించండి.

ఆ మనిషి మీరే. వంద అర్జీలు రాసిన చేతికి ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు తెలియనిది తెలుస్తుంది. ఏ పంచాయతీలో ఎన్ని దరఖాస్తులు ఆగాయి, అందరికీ ఒకే కారణం రాశారా, గ్రామసభ పెట్టకుండానే పెట్టినట్టు సంతకాలు తీసుకున్నారా... ఒక నోటుబుక్కులో తేదీలతో రాసిపెట్టుకుంటే ఆరు నెలల్లో ఊరి ఫిర్యాదు మండలం ఫిర్యాదు అవుతుంది. ఎవరి ఇంటి గుట్టునైనా వాళ్ళను అడగకుండా బయటపెట్టవద్దు. లెక్క చెప్పడానికి పేర్లు అక్కర్లేదు.

ఉద్యమంలో కనిపిస్తే ఆఫీసులో పని కాదని చాలామంది జంకుతారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, ముఖ్యంగా ప్రభుత్వ టీచర్లకు. సర్వీసు నిబంధనలు దాటి ధర్నాలో కూర్చోమని మేము అడగం. చట్టం చదివి చెప్పడం, గ్రామసభకు లెక్కలు సిద్ధం చేయడం, తీర్మానం సరిగా రాసిపెట్టడం టీచర్లు చేయగలరు. ముందు నిలబడే పని సంఘాలది, ఉద్యోగం లేని యువకులది. పైగా ఇది టీచర్ల సొంత విషయం కూడా. షెడ్యూల్డ్ ప్రాంతం బడుల్లో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దానికి ఎవరికి వారు అర్జీ రాసుకుంటే ఏం లాభం?

ఈ నెల మీరు రాసిన అర్జీల్లో ఒకేలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మూడు దాటితే పక్క ఊళ్ళో అర్జీలు రాసే వాళ్ళను కలవండి. ఇద్దరి నోటుబుక్కులూ కలిపి చూసి, వచ్చే గ్రామసభలో ఆ అంకెలు చదవండి.