అమ్మమ్మ పాటల పుస్తకం, మన లిరికల్ వీడియో

ఫోన్‌లో లిరికల్ వీడియో పెట్టినప్పుడు కింద పాట ఏ అక్షరాల్లో పడుతోందో ఎప్పుడైనా గమనించారా? చాలాసార్లు తెలుగు పాటే, ఇంగ్లీషు అక్షరాల్లో! ఈ రోజు దాని వెనకున్న కథ చెప్పుకుందాం.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అమ్మమ్మ మూడో తరగతితోనే బడి మానేసింది. అయినా పేపరు గడగడా చదివేది. ఎలా వచ్చిందే అంటే, "సినిమా పాటల పుస్తకాలతోరా" అనేది. అప్పట్లో హాలు దగ్గర అమ్మేవారు కదా, అవి. పాట ముందే నోటికొచ్చు. అక్షరాల మీద వేలు పెట్టి పాడుకుంటూ పోతే ఏ అక్షరానికి ఏ శబ్దమో దానంతటదే పట్టుబడేదట.

ఇదే పని టీవీతో చేయించిన మనిషి బ్రిజ్ కొఠారి. అమెరికాలో చదువుకుంటూ స్పానిష్ నేర్చుకునే రోజుల్లో ఓ స్పానిష్ సినిమా చూస్తుంటే, కింద ఇంగ్లీషు బదులు స్పానిష్ మాటలే పడితే బాగుండేదే అనిపించిందట. మరి మన సినిమా పాటలకి అదే భాషలో అక్షరాలు వేస్తే? తర్వాత అహ్మదాబాద్ ఐఐఎంలో ఉంటూ 1999లో దూరదర్శన్ గుజరాతీ పాటల కార్యక్రమం 'చిత్రగీత్'తో మొదలుపెట్టారు. తర్వాత హిందీ 'చిత్రహార్'కీ వచ్చింది.

ఎందుకు పనిచేస్తుందంటే, తెర మీద అక్షరాలు కనబడితే మన కళ్ళు ఊరుకోవు. 1980ల్లోనే బెల్జియంలో కంటి కదలికలు కొలిచి చూశారు. అవసరం లేకపోయినా చూపు అటే పోతుంది. పాటలో అదే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది కాబట్టి చదవడానికి మళ్ళీ మళ్ళీ అవకాశం.

ఒక్క మాట. అక్షరాలే తెలియని రెండేళ్ళ పిల్లకి అవి ఉత్త గీతలు. ఆ వయసులో మాటలు రావాలంటే ఒళ్ళో కూర్చోబెట్టుకుని మనమే మాట్లాడాలి. లాభమంతా సగం అక్షరాలు వచ్చి, కూడబలుక్కుంటున్న పిల్లలకి.

సరిగ్గా వాళ్ళ దగ్గరే మనం దెబ్బతింటున్నాం. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 'కల', 'కళ' ఒకటే అయిపోతాయి. తాత కాస్తా టాటా అయిపోతాడు! అమలాపురంలో రెండో తరగతి చదివే మా మేనకోడలికి పాటలన్నీ కంఠతా వచ్చు. మొన్న తాతమ్మ పాటల పుస్తకం చేతికిస్తే ఒక్క లైను చదవలేక నా మొహం చూసింది. దానికి ఫోన్ అలవాటు చేసింది నేనే.

ఇప్పుడు తెలుగు అక్షరాలున్న వీడియోలే వెతికి పెడుతున్నా. పక్కన కూర్చుని స్క్రీన్ మీద వేలు పెట్టి చూపిస్తున్నా, అచ్చం అమ్మమ్మలాగే. మీ ఇంట్లోనూ ఈ సాయంత్రం ఒక్క పాటకి చేసి చూడండి. ఉంటానండీ!