ఆర్లైన్ ఫిష్
లోహపు తీగను నూలుపోగులా మలచిన అమెరికన్ ఆభరణ కళాకారిణి. 1931లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జన్మించారు. ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనంతో డెన్మార్క్‌లో వెండిపని అభ్యసించారు. 1961 నుంచి దాదాపు నాలుగు దశాబ్దాలు శాన్ డియాగో స్టేట్ విశ్వవిద్యాలయంలో బోధించారు.

నేత, జడ అల్లిక, క్రోషే వంటి పనులన్నిటినీ ఆమె వెండి, బంగారం, రాగి తీగలతో చేసి చూపారు. తీగ వంచేకొద్దీ గట్టిపడి, చివరకు విరుగుతుంది. కాల్చి మెత్తబరచిన మేలిమి వెండి తీగైతే వేళ్లకు లొంగుతుంది. బుట్టల అల్లికతో సహా ఈ మెలకువలన్నిటినీ 1975లో ‘టెక్స్‌టైల్ టెక్నిక్స్ ఇన్ మెటల్’ పుస్తకంలో దాపరికం లేకుండా పంచారు. ఆమె నగలు ఎంత గొప్పవైనా, ఎక్కడెక్కడి పనివాళ్లకో గురువైంది ఈ పుస్తకమే. భుజాల నిండా పరచుకునే భారీ ఆభరణాలు ఆమె ప్రత్యేకత. తర్వాతి కాలంలో రంగుపూత రాగితీగతో జెల్లీచేపలు అల్లారు.