సంతలో మొదలైన సంధి

పల్నాటి వీరచరిత్రను పాఠంగా చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఒక విషయం నన్ను ఇబ్బంది పెడుతుంది. యుద్ధానికి కారణం ఎవరంటే ముందుగా వినబడే పేరు నాగమ్మ. మొగుణ్ణి యుద్ధానికి సాగనంపిన మాంచాల మాత్రం వీరపత్ని. యుద్ధం తెచ్చిపెట్టే ఆడది, యుద్ధానికి వీరతిలకం దిద్ది పంపే ఆడది - ఆ గాథలో స్త్రీకి దొరికిన గొప్ప చోట్లు ఈ రెండే. రాయబారానికి వెళ్లిన అలరాజు మనకు గుర్తున్నాడు. కారంపూడిలో అంతా అయిపోయాక రెండు పక్షాల ఆడవాళ్లు మళ్లీ ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకున్నారో మాత్రం ఎవరూ పాడలేదు.

ఈ వెలితి మనసులో ఉండగానే వజీర్ కథ చదివాను. అది చాలా దూరపు నేల. కానీ నా ప్రశ్నకు దగ్గరగా వచ్చిన జవాబు అక్కడే దొరికింది.

వజీర్ కెన్యాకు ఈశాన్యాన, సోమాలియా, ఇథియోపియా సరిహద్దుల దగ్గర ఉన్న ఎండు ప్రాంతం. అక్కడివాళ్లు ఎక్కువగా సోమాలీ మాట్లాడే ముస్లింలు, ఒంటెలూ మేకలూ మేపుకుని బతికేవాళ్లు. 1963లో కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చింది గానీ ఆ ప్రాంతానికి వచ్చింది అత్యవసర పరిస్థితి. దాన్ని ఎత్తేసింది 1991లోనే. ఈ మధ్యలో, 1984 ఫిబ్రవరిలో, వగల్లా విమానాల మైదానంలో భద్రతా దళాలు దెగోదియా తెగ మగవాళ్లను నిర్బంధించి చంపాయి. చనిపోయింది 57 మందేనని ప్రభుత్వం చెప్పింది. 2013లో సత్యశోధన కమిషన్ నివేదిక ఆ సంఖ్య వెయ్యికి దగ్గరగా ఉండొచ్చని చెప్పింది.

అలాంటి గాయం మీద 1991-92లో కరువు వచ్చింది. సోమాలియాలో ప్రభుత్వం కూలిపోయి శరణార్థులూ తుపాకులూ సరిహద్దు దాటాయి. 1992లో బహుళపార్టీ ఎన్నికలు వచ్చాయి. నీటి కోసం, మేత కోసం ఉన్న పాత తగాదాలు పార్లమెంటు సీట్ల తగాదాలయ్యాయి. అజురాన్, దెగోదియా, ఒగాదెన్ తెగల మధ్య హత్యలు, దొమ్మీలు, పశువుల దోపిడీలు మొదలయ్యాయి.

దెఖా ఇబ్రహీం అబ్దీ ఆ ఊరి టీచరు. ఒక రాత్రి ఇంటి దగ్గర కాల్పులు మొదలైతే బిడ్డను తీసుకుని మంచం కింద దాక్కుంది. తెల్లారాక వాళ్లమ్మ, 1960లలో తనూ కూతుర్ని పొదువుకుని అలాగే మంచం కింద దాక్కున్న సంగతి చెప్పింది. ఒక తరం గడిచినా ఆడవాళ్లకు దిక్కు మంచం కిందేనా అన్న బాధే తనను కదిలించిందని దెఖా తర్వాత చెప్పేది.

మొదట కలిసినవాళ్లు డజను మంది కూడా లేరు. వాళ్లు ఊరేగింపు తియ్యలేదు, మహజరు రాయలేదు. సంత గురించి మాట్లాడుకున్నారు.

ఎందుకు సంత? ఆ ఊళ్లో పాలు అమ్మేదీ, కొనేదీ ఆడవాళ్లే. ఒక తెగ ఆడవాళ్ల దగ్గర ఇంకో తెగవాళ్లు కొనకపోవడం, అసలు అమ్ముకోనివ్వకపోవడం మొదలైంది. తుపాకీ పట్టింది మగవాళ్లే కావచ్చు. సంతలో ఆ యుద్ధాన్ని నడిపింది మాత్రం ఆడవాళ్లే. అందుకని మొదటి పని అక్కడే మొదలుపెట్టారు. ఏ తెగ మనిషైనా వచ్చి కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు. కాపలాకు మనుషుల్ని పెట్టారు. చిన్న మాట తేడా వచ్చినా అది పెద్దది కాకముందే ఆడవాళ్ల కమిటీ అక్కడికి చేరేది. పాలు సాయంత్రానికి విరిగిపోతాయి. తగువూ అంతే, నిలవ ఉంచకూడదన్నది వాళ్ల రోజువారీ అనుభవం.

ఇక్కడ సాహిత్య విద్యార్థిగా నాకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. సోమాలీ స్త్రీలకు బురాన్‌బుర్ అనే తమదైన కవితారూపం ఉంది. పెళ్లిళ్లలో పాడేది అదే. తెగ పౌరుషాన్ని పొగిడి మగవాళ్లను యుద్ధానికి ఉసిగొల్పేదీ, సంధి చేసుకోమని వేడుకునేదీ కూడా అదే. మాంచాల గొంతు అక్కడా ఉందన్నమాట. స్త్రీలు పుట్టుకతోనే శాంతమూర్తులు అనే మాటను మనం చాలాసార్లు ఖండించాం. వజీర్ స్త్రీల గొప్పదనం వాళ్లు శాంతమూర్తులు కావడంలో లేదు. తగువులో తమ వాటా ఎంతో చూసుకుని, ముందు దాన్ని సరిదిద్దుకోవడంలో ఉంది.

ఇంకో సంగతి పుట్టింటికీ మెట్టినింటికీ సంబంధించింది. అక్కడ పెళ్లయిన స్త్రీ పుట్టిన తెగను వదులుకోదు, మొగుడి తెగలో పిల్లల్ని కంటుంది. రెండు తెగలు కొట్టుకుంటే ఎవరు చచ్చినా ఏడ్పు ఆమెదే. అన్నో, కొడుకో. ఈ నరకమే రెండు వైపులకూ వెళ్లగల దారి కూడా అయింది. అయినా సులువు కాదు. తమతో చేరబోయేవాళ్లను దెఖా ఒక ప్రశ్న అడిగేది. మా తెగవాళ్లు రేపు మీ బంధువుల్ని చంపితే ఎల్లుండి నాతో కలిసి పని చెయ్యగలవా? చెయ్యలేనంటే ఈ సంఘంలోకి రావద్దు. ఈ ప్రశ్న చదివి నేను పుస్తకం మూసేశాను. మన సంఘాల్లో కులం దగ్గరో, ప్రాంతం దగ్గరో, మతం దగ్గరో మాటలు ఆగిపోయిన సందర్భాలు గుర్తొచ్చాయి. సభ్యత్వ రుసుము కట్టించుకున్నామే గానీ ఇలాంటి ప్రశ్న ఎప్పుడైనా అడిగామా?

సంత కుదుటపడ్డాక వాళ్లు పెద్దమనుషుల దగ్గరికి వెళ్లారు. తెగల పెద్దల సభలో ఆడవాళ్లకు చోటు లేదు. అందుకని అన్నిటికంటే చిన్న తెగ నుంచి ఒక వృద్ధుణ్ణి మాట్లాడటానికి ఒప్పించారు. ఆయన వల్ల ఎవరికీ భయం లేదు, ఆయన మాటకు గౌరవం ఉంది. 1993 సెప్టెంబరులో పెద్దలు అల్ ఫతా ఒడంబడిక మీద సంతకాలు పెట్టారు. యువకులతోనూ మాట్లాడారు. తుపాకీ దించితే ఏం తిని బతకాలని వాళ్లడిగితే బతుకుతెరువు వెతకడమూ శాంతి పనే అయింది. ఎక్కడ గొడవ రాజుకున్నా వెంటనే వెళ్లే బృందాలు ఏర్పడ్డాయి. 1995లో ఈ పనులన్నీ వజీర్ శాంతి అభివృద్ధి కమిటీగా జిల్లా యంత్రాంగంలో భాగమయ్యాయి. తర్వాత కెన్యాలో మిగతా జిల్లాల శాంతి కమిటీలకు అదే నమూనా.

కథ ఇక్కడ ఆపేస్తే బాగుంటుంది. కానీ ఆపలేం.

2001లో ఆ ప్రాంతపు తెగల పెద్దలు, అధికారులు మోడొగాషెలో ఇంకో ఒడంబడిక చేసుకున్నారు. పగ ప్రతీకారంగా మారకుండా ప్రాణానికి వెల కట్టారు. మగవాడు చనిపోతే 100 పశువులు, ఆడది చనిపోతే 50. పాత ఆచారంలో ఉన్న లెక్కే అది. సంతలో సంధి మొదలుపెట్టిన స్త్రీ, సంధి కాగితం దగ్గరికొచ్చేసరికి సగం మనిషయింది. అత్యాచారం లాంటి విషయాలు కూడా తెగల మధ్య పరిహారపు లెక్కల్లో కలిసిపోయాయన్న విమర్శ ఈ కమిటీల మీద ఉంది. రక్తపాతం ఆగడం చిన్న విషయం కాదు, ఆగినందువల్ల బతికినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. కానీ సంధి షరతులు రాసే చోట లేకపోతే ఏమవుతుందో ఈ 50 అంకె చెబుతుంది. శాంతి చర్చల్లో స్త్రీలు ఉండాలన్న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1325 తీర్మానం 2000 అక్టోబరులో వచ్చింది. మోడొగాషె దాని తర్వాతి ఏడాదే.

దెఖా పని వజీర్‌తో ఆగలేదు. 2007 డిసెంబరు ఎన్నికల తర్వాత కెన్యా అంతా మండినప్పుడు నైరోబీలో పౌరుల శాంతి ప్రయత్నాలు నడిపినవాళ్లలో ఆమె ఒకరు. 2007లోనే రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు వచ్చింది. 2011 జూలైలో రోడ్డు ప్రమాదంలో గాయపడి చనిపోయింది. అప్పటికామెకు ఏభై ఏళ్లు కూడా లేవు.

చరిత్ర రాసేటప్పుడు మనం ఒడంబడికలు వెతుకుతాం, సంతకాలు వెతుకుతాం. అల్ ఫతా కాగితం ఒక్కటే చూస్తే అది పెద్దమనుషుల కథ. పాల కుండల దగ్గరి నుంచి చూస్తేనే ఆడవాళ్లు కనబడతారు. మన ఊళ్లలో కక్షలు రేగి సద్దుమణిగిన తర్వాత బావి దగ్గర, బడి దగ్గర, సంతలో ముందుగా పలకరించిన ఆడమనిషి ఎవరు? ఆమె పేరు ఏ రాజీ పత్రంలోనూ ఉండదు. ఆమెనో, ఆమె కూతుర్నో వెళ్లి అడగాల్సిందే. అడగడానికి ఎంతోకాలం ఉండదు కూడా.