భ్రమ తొలగే వీధి, 21వ నంబరు

2003 సెప్టెంబరు 7న స్పెయిన్‌లోని ‘ఆంతెనా 3’ టెలివిజన్‌లో ఒక హాస్య ధారావాహిక మొదలైంది. పేరు ‘అకీ నో ఆయ్ కియెన్ వివా’. ఇక్కడ ఎవరూ బతకలేరని దాని భావం. కథాస్థలం మద్రిద్ నగరంలోని దెసెంగాన్యో వీధి, 21వ నంబరు భవనం. భవనం కల్పితం, వీధి మాత్రం నిజం. ఆ పేరుకు భ్రమ తొలగడం అని అర్థం.

భవన సంఘానికి అధ్యక్షుడు హువాన్ క్వెస్తా అనే బడిపంతులు. కింద వాచ్‌మన్ ఎమీలియో. మెట్ల మీది రాకపోకలన్నీ కనిపెట్టే ముగ్గురు వృద్ధురాళ్లు మరొక పక్క. సంఘం సమావేశమైతే చాలు, తగువు తప్పదు. దీనిని మనుషుల స్వభావంగా సరిపెట్టుకోవచ్చు. కాని ఆ తగువు వెనుక ఒక చట్టం ఉంది.

అంతర్యుద్ధానంతరం పల్లెల నుంచి వచ్చిన జనంతో స్పెయిన్ నగరాలు కిక్కిరిశాయి. నగరాలలో భవనమంతా ఒకరిదై, తక్కినవారు అద్దెకుండడం మామూలు. 1957లో ఫ్రాంకో ప్రభుత్వం గృహనిర్మాణ మంత్రిత్వ శాఖను నెలకొల్పింది. తొలి మంత్రి హోసే లూయిస్ దె ఆర్రేసె శ్రామికులను ఇంటి యజమానులుగా మార్చడమే ధ్యేయమని చాటాడు. సొంత ఇల్లున్నవాడు తిరగబడడన్నది ఆ ఆలోచనలోని లెక్క.

1960 జులై 21న వచ్చిన చట్టం ఇందుకు న్యాయరూపం ఇచ్చింది. దాని ప్రకారం ఫ్లాటు ఒక్కరిది. మెట్లు, పైకప్పు, పునాది అందరివీ. ప్రతి ఫ్లాటుకూ భవనంలో నిర్ణీత వాటా, ఆ వాటా మేరకు ఖర్చు. యజమానులు ఏడాదికి ఒకసారైనా సమావేశమై, తమలో ఒకరిని అధ్యక్షునిగా ఎన్నుకొని, ఓటుతో నిర్ణయాలు చేయాలి. దేశంలో స్వేచ్ఛగా ఎన్నికలు జరిగింది 1977 జూన్‌లో. అంటే పార్లమెంటుకు దక్కని ఓటు అపార్ట్‌మెంటు మెట్ల దగ్గరకు పదిహేడేళ్లు ముందే చేరిందన్నమాట.

అద్దెకున్నవాడి తగువు ఇంటి యజమానితో. అందరూ యజమానులైనప్పుడు తగువు పొరుగువాడితోనే. ఈ మార్పును కళాకారులు త్వరగానే పట్టుకున్నారు. 1961లో ఫ్రాన్సిస్కో ఇబాన్యెస్ ‘13, రూ దెల్ పెర్సెబె’ బొమ్మల కథలో ముందుగోడ తీసేసి, ఒక భవనంలోని గదులన్నింటినీ ఒకే పేజీలో చూపాడు. 1963లో బెర్లాంగా తీసిన ‘ఎల్ వెర్దూగో’ చిత్రంలో ఒక యువకుడు ప్రభుత్వపు ఫ్లాటు చేజారకుండా ఉండేందుకు మామగారి తలారి ఉద్యోగానికి ఒప్పుకుంటాడు.

1999 సవరణ లిఫ్టు పెట్టడానికి యజమానులలో అయిదింట మూడు వంతుల సమ్మతి చాలునంది. ఎన్నికైనవాడు అధ్యక్ష పదవిని స్వీకరించి తీరాలనీ, వద్దనుకుంటే న్యాయమూర్తిని ఆశ్రయించాలనీ చెప్పింది. అందరూ తప్పించుకోజూసే ఆ బరువునే క్వెస్తా బిరుదులా మోశాడు. అక్కడే ప్రేక్షకులు తమ మెట్లనూ తమ సమావేశాలనూ గుర్తుపట్టారు. 2001 జనగణన నాటికి ఆ దేశంలో ఎనభై శాతానికి పైగా కుటుంబాలు సొంత ఇళ్లలోనే ఉన్నాయి మరి.

ధారావాహిక 2006లో ముగిసింది. మరుసటి ఏడాది అదే బృందం ‘తెలెసింకో’లో ‘లా కె సె అవెసీనా’ ప్రారంభించింది. ఈసారి నేపథ్యం పాత వీధి కాదు, నగరం అంచున వెలసిన కొత్త నివాస సముదాయం. ఏడాది తిరగకుండానే నిర్మాణరంగం కుప్పకూలింది. అప్పు తీర్చలేక ఇళ్లు పోగొట్టుకున్నవారు ఆ తరువాతి ఏళ్లలో వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. సొంత ఇల్లు మనిషిని నోరెత్తకుండా చేస్తుందన్న 1957 నాటి లెక్క మెట్ల మీదా తప్పింది, వీధిలోనూ తప్పింది.